లేని గుడికి యాత్ర: ఇజ్రాయెల్‌లో తొమ్మిది రోజులు

జూలై 15, 2018, ఆదివారం

"కోడి పచ్చడి తేకు. ఇవి మాంసం తినే రోజులు కావు" అని అక్క ముందే ఫోన్‌లో చెప్పింది.

యూదుల పంచాంగంలో ఆవ్ నెల నడుస్తోంది. జెరూసలేంలోని తమ గుడి కూలినందుకు ఆ నెల మొదటి తొమ్మిది రోజులూ వాళ్ళకి దుఃఖ దినాలు. మాంసం, ద్రాక్షసారా ముట్టరు. పెళ్ళిళ్ళు పెట్టుకోరు. తొమ్మిదో తిథిని 'తిషా బె-ఆవ్' అంటారు, ఆ రోజు పూర్తి ఉపవాసం. మన లెక్కలో ఇది ఆషాఢం. వాళ్ళ నెలలు కూడా చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి కాబట్టి ఈ ఏడు ఆవ్, ఆషాఢం ఒకే అమావాస్య దాటాక మొదలయ్యాయి. మనం శుభకార్యాలు ఆపుకునే నెలలోనే వాళ్ళూ ఆపుకున్నారన్నమాట.

అక్క ఆరేళ్ళుగా జెరూసలేంలో ఒక పెద్దావిడకి కేర్‌గివర్‌గా పనిచేస్తోంది. మన గోదావరి జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి ఈ పని మీద ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను ఊళ్ళో సోషల్ టీచర్ని. మిషన్ స్కూల్లో చదువుకున్నాను కాబట్టి అబ్రాహాము, యాకోబు, రాహేలు పేర్లు చిన్నప్పటి నుంచీ నోట్లో నానినవే. కానీ ఆ పేర్లని ఇప్పటికీ ఇంటి పెద్దల్లా తలుచుకునే జనం ఎక్కడ మొక్కుతారు, గుడి లేకుండా రెండు వేల ఏళ్ళు ఎలా గడిపారు అన్నది చూడాలని ఉండేది. అక్క రమ్మంటే సెలవు పెట్టి బయలుదేరాను.

ఢిల్లీ నుంచి టెల్ అవీవ్‌కి ఎయిర్ ఇండియా నేరుగా నడపడం ఈ మార్చిలోనే మొదలైంది. సౌదీ ఆకాశం మీదుగా వెళ్ళనిస్తున్నారు కాబట్టి దారి బాగా తగ్గింది. రాత్రి దిగి షేర్ వ్యాన్‌లో జెరూసలేం చేరేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. గుమ్మం కుడి పక్కన చిన్న డబ్బీ ఒకటి కొట్టి ఉంది. దాన్ని మెజూజా అంటారు. లోపల తోలు మీద రాసిన, వాళ్ళ వేదమైన తోరాలోని వాక్యాలుంటాయి. అక్క దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు ముద్దు పెట్టుకుని లోపలికి నడిచింది. ఎవరూ చెప్పలేదట, ఆ ఇంటి పెద్దావిడని చూసి అలవాటైందట. ఆ ఇంట్లో పెద్దావిడని అక్క 'సవ్తా' అంటుంది, హీబ్రూలో అమ్మమ్మ అని. ఆ రోజు నుంచి నాకూ ఆవిడ అమ్మమ్మే.

జూలై 16, సోమవారం: తిబెరియ

అమ్మమ్మని చూసుకోవడానికి ఆవిడ కూతురు వచ్చింది. అక్కకి రెండు రోజులు సెలవు దొరికింది. పొద్దున్నే ఉత్తరానికి బస్సెక్కాం.

యూదులకి నాలుగు పవిత్ర నగరాలు: జెరూసలేం, హెబ్రోను, సఫెద్, తిబెరియ. వాళ్ళ మార్మిక సంప్రదాయం ఈ నాలుగింటినీ నాలుగు భూతాలతో కలిపి చెబుతుంది. జెరూసలేం నిప్పు, ఎందుకంటే బలిపీఠం ఉన్నది అక్కడే. హెబ్రోను మట్టి, మూలపురుషుల సమాధులు ఉన్న చోటు. సఫెద్ గాలి. తిబెరియ నీరు. ఇది విన్నప్పుడు నాకు శ్రీకాళహస్తి వాయులింగం, జంబుకేశ్వరం జలలింగం గుర్తొచ్చాయి. మనకి పంచభూత స్థలాలైతే వీళ్ళకి నాలుగే. ఐదోది, ఆకాశం, ఏమైందా అని బస్సులో చాలాసేపు ఆలోచించాను.

తిబెరియ గలిలయ సరస్సు ఒడ్డున ఉంది. సముద్రమట్టానికి రెండొందల మీటర్లకి పైగా లోతు. కొన్నేళ్ళుగా వానలు సరిగా లేక నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. వేడికి ఊపిరాడలేదు. ఇక్కడ దేవుడు కనిపించాడనో, మహిమ జరిగిందనో యూదులు రారు. ఇది పండితుల ఊరు. రోమన్లు జెరూసలేం గుడిని కూల్చాక చదువు ఉత్తరానికి తరలి వచ్చింది. యెరూషలేం తల్మూద్ అని పేరున్న గ్రంథంలో ఎక్కువ భాగం నిజానికి ఈ ఊళ్ళోనే కూర్చింది.

మైమోనిడీస్ సమాధికి వెళ్ళాం. యూదులు 'రంబం' అంటారు. వైద్యుడు, తత్వవేత్త, యూద ధర్మశాస్త్రాన్ని 14 సంపుటాల్లో క్రమంగా పెట్టినవాడు. 1204లో ఈజిప్టులో చనిపోతే ఇక్కడికి తెచ్చి పూడ్చారని నమ్మకం. సమాధికి వెళ్ళే దారిలో ఆ 14 సంపుటాలకీ గుర్తుగా 14 స్తంభాలున్నాయి. ఆడవాళ్ళకో వైపు, మగవాళ్ళకో వైపు. ఒకామె రాతి మీద నుదురు ఆనించి గుసగుసగా చదువుతోంది.

"సమాధికి మొక్కుతున్నారా?" అని అడిగాను.

"అలా అనకు. మొక్కేది దేవుడికే. ఆయన పక్కన నిలబడి మొక్కితే ఆయన పుణ్యం తోడొస్తుందని" అంది అక్క.

ఆ తేడా ఈ యాత్ర మొత్తంలో అక్కరకొచ్చింది.

జూలై 17, మంగళవారం: సఫెద్

తిబెరియ నుంచి సఫెద్‌కి గంట కూడా పట్టదు. కానీ ఆ గంటలో వెయ్యి మీటర్లకి పైగా పైకెక్కుతాం. చెవులు మూసుకుపోయాయి. దిగగానే చల్లగాలి. దీన్ని గాలి నగరం అని ఎందుకన్నారో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఆవ్ ఐదో తేదీ. సఫెద్‌లో పెద్ద తిథి. 'అరి' అని పిలిచే రబ్బీ (యూద మతగురువు) ఇస్సాకు లూరియా 1572లో ఈ రోజే పోయారు. అప్పటికి ఆయనకి 38 ఏళ్ళు. ఈ ఊళ్ళో ఉన్నది రెండేళ్ళే. స్వయంగా రాసింది బహు తక్కువ, శిష్యుడు హాయిమ్ వితాల్ రాసి పెట్టిందే మనకి మిగిలింది. అయినా ఆ రెండేళ్ళ పాఠం యూదుల ప్రార్థననే మార్చేసింది. 1492లో స్పెయిన్ నుంచి యూదుల్ని వెళ్ళగొట్టాక ఎందరో పండితులు ఈ కొండ మీదికి చేరారు. ఇళ్ళూ ఊళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళు. లోకం ఎందుకిలా పగిలిపోయింది అన్న ప్రశ్న వాళ్ళకి పుస్తకాల్లోది కాదు.

అరి చెప్పిన జవాబు నన్ను వదల్లేదు. మొదట అంతా దేవుడే నిండి ఉన్నాడట. లోకానికి చోటు లేదు. అందుకని ఆయన తనని తాను ముడుచుకుని కాస్త ఖాళీ చేశాడట. ఆ ఖాళీలోనే సృష్టి. దాన్ని 'త్సింత్సూమ్' అంటారు. తర్వాత వెలుగు పోసిన పాత్రలు ఆ వెలుగుని తట్టుకోలేక పగిలాయి. ఆ పెంకుల్లో చిక్కుకున్న నిప్పురవ్వల్ని ఒక్కొక్కటిగా ఏరి పైకెత్తడమే మనిషి పని. ప్రార్థన చేసినా, అన్నం తినే ముందు దేవుణ్ణి తలుచుకున్నా ఒక రవ్వ లేచినట్టే.

శ్మశానం కొండవాలులో ఉంది. సమాధుల్లో కొన్నిటికి నీలిరంగు పూశారు. అరి సమాధి దగ్గర వందల మంది. దీపాల పొగ, చెమట, కీర్తనల హోరు. పొద్దున్నుంచీ నిలబడినవాళ్ళు కూడా పక్కకి జరిగి మాకు చోటిచ్చారు. కొంత దూరంలో ఒకాయన గట్టు అవతలే ఆగిపోయి పుస్తకం చదువుతున్నాడు. ఆయన కోహెన్, అంటే పాత గుడి అర్చకుల వంశం. ఆ వంశంలో మగవాళ్ళు సమాధుల మధ్యకి రారు, మైల. గుడి పోయి పంతొమ్మిది వందల ఏళ్ళు దాటినా రేపు మళ్ళీ పూజకి పిలుస్తారేమో అన్నట్టు ఆయన ఆ మడి పాటిస్తున్నాడు. ఆ ఊళ్ళో సన్నటి సందులు, నీలి తలుపులు, పాత సినగాగులు (ప్రార్థనా మందిరాలు) ఎన్నో చూశాను. కళ్ళు మూసుకుంటే కనిపించేది మాత్రం గట్టు అవతల ఆగిన ఆ మనిషే.

జూలై 18, బుధవారం: గోడ

పొద్దున్నే బయలుదేరి జెరూసలేం తిరిగొచ్చాం. అక్క పనిలోకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే పాత నగరానికి నడిచాను.

పశ్చిమ గోడని ఇక్కడ 'కోటెల్' అంటారు, గోడ అని అర్థం. ముందుగా తెలుసుకోవాల్సింది, ఇది గుడి గోడ కాదు. గుడి కట్టడానికి హేరోదు రాజు క్రీస్తుపూర్వం 20 ప్రాంతంలో కొండని చదును చేయించి, మట్టి జారకుండా చుట్టూ కట్టించిన రాతి కట్టు. చెరువు గట్టుకి రాళ్ళు పేర్చినట్టే, కాకపోతే ఒక్కో రాయి టన్నుల బరువు. మొత్తం పొడవు 488 మీటర్లు. అందులో జనం ప్రార్థన చేసే మైదానం ముందు కనిపించేది సుమారు 60 మీటర్లే. కింది ఏడు వరుసలు హేరోదు నాటివి, చుట్టూ అంచు గీసి చెక్కిన పెద్ద రాళ్ళు. పైవి తర్వాతి పాలకులు పేర్చినవి. నేల లోపల ఇంకో 17 వరుసలున్నాయి.

మరి గుడి? కొండ మీద ఉండేది. మొదటిది సొలొమోను కట్టించింది, బబులోను సైన్యం క్రీస్తుపూర్వం 586లో కాల్చింది. రెండోదాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. ఇప్పుడు ఆ కొండ మీద ఉన్నది బంగారు గుమ్మటం, అల్-అక్సా మసీదు. ముస్లింలకి మక్కా, మదీనాల తర్వాత అంతటి పవిత్ర స్థలం. యూదులకి లోకంలోకెల్లా పవిత్రమైన చోటు అదే. గోడ పవిత్రమైంది ఆ చోటుకి దగ్గరగా ఉన్నందుకే. పైకెళ్ళే దారి దగ్గర యూదులు ఎక్కకూడదని ప్రధాన రబ్బీల బోర్డు ఉంది. గర్భగుడి సరిగ్గా ఏ చోట ఉండేదో తేలలేదు, తెలియక దాని మీద కాలు పెడితే అపచారం. దానికి కావలసిన శుద్ధి ఈ కాలంలో ఎవరికీ లేదు. టూరిస్టుగా నాకు అడ్డు లేదు. కానీ అమ్మమ్మ ఎనభై ఏళ్ళు దాటినా ఎక్కని చోటికి నేను ఎక్కాలనిపించలేదు.

ఆడవాళ్ళ వైపు మగవాళ్ళ వైపు కన్నా ఇరుకు. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు, బల్లల మీద అరిగిపోయిన కీర్తనల పుస్తకాలు. రాళ్ళ సందుల్లో మడత పెట్టిన చీటీలు. సంవత్సరానికి రెండుసార్లు, పస్కా పండగ ముందు, వాళ్ళ కొత్త సంవత్సరం ముందు, వాటిని తీసి ఎవరూ చదవకుండా ఒలీవల కొండ మీద పాతిపెడతారు. అక్క నెలకోసారి ఒక చీటీ పెడుతుందట, తెలుగులో. ఏం రాస్తావని అడగలేదు.

వంతు వచ్చాక రాతి మీద చెయ్యి పెట్టాను. ఎండకి వేడెక్కి ఉంటుందనుకున్నాను, నీడలో చల్లగా నున్నగా ఉంది. ఎందరి అరచేతులు తగిలితే రాయి అంత నునుపెక్కుతుంది! మనం గుడికి వెళ్ళేది దర్శనానికి. గంట కొట్టి, తెర తీసి, హారతి వెలుగులో ఆ రూపం చూస్తే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. దర్శనం కోసం కాదు, తమ మాట వినిపించడం కోసం వచ్చారు. వెనక్కి వెళ్ళేటప్పుడు మాత్రం గోడకి వీపు చూపకుండా వెనకడుగులు వేస్తూ వెళ్తున్నారు. అది చూసి ఇంటికొచ్చినట్టనిపించింది, మా నాయనమ్మ గర్భగుడి ముందు నుంచి అలాగే వచ్చేది.

సాయంత్రం గోడ పక్క సొరంగంలోకి టికెట్ తీసుకున్నాను. పదమూడున్నర మీటర్ల పొడవున ఒకే రాయి ఉంది, వందల టన్నులుంటుంది. ఇంకా ముందుకెళ్తే మూసేసిన పాత ద్వారం. గర్భగుడి ఉండిన చోటుకి అతి దగ్గర ఇదేనంటారు. నలుగురైదుగురు ఆడవాళ్ళు గోడకి తల ఆనించి కూర్చున్నారు.

ఆ గర్భగుడి గురించి ఒక సంగతి. అందులోకి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే, యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం నాడు వెళ్ళేవాడు. క్రీస్తుపూర్వం 63లో రోమన్ సేనాని పాంపే బలవంతంగా లోపలికి వెళ్ళాడు. ఈ జనం ఇంత దాచుకునే దేవుడెవరో చూడాలని. అక్కడ విగ్రహమే లేదు. మొదటి గుడిలో ఉండిన నిబంధన మందసం, అంటే పది ఆజ్ఞల పలకలున్న పెట్టె, బబులోను దాడి తర్వాత మళ్ళీ కనిపించలేదు. రెండో గుడి ఉన్నన్నాళ్ళూ గర్భగుడి ఖాళీగానే ఉంది. ఖాళీకే పూజ. బస్సులో నన్ను వేధించిన ఐదో భూతం అక్కడ దొరికింది. చిదంబరంలో తెర తీసి చూపించేదీ ఇదే కదా.

బయటికొచ్చి గోడ దక్షిణపు చివరికి నడిచాను. క్రీ.శ. 70లో రోమన్ సైనికులు పైనుంచి తోసిన రాళ్ళు పడిన చోటే గుట్టగా ఉన్నాయి. వాటి కింద బాట పలకలు కుంగి పగిలాయి. తవ్వినవాళ్ళు వాటిని కదల్చకుండా అలాగే వదిలారు. అక్కడికి దగ్గర్లోనే ఒక వేదిక ఉంది, ఆడా మగా కలిసి ప్రార్థన చేసుకోవడానికి. దాని మీద యూదుల్లోనే పెద్ద తగువుంది. అప్పుడు నలుగురో ఐదుగురో ఉన్నారు. నేను పది నిమిషాలు కూర్చుని లేచాను.

జూలై 19, గురువారం: హెబ్రోను, రాహేలు

శారా చనిపోయినప్పుడు అబ్రాహాముకి ఆ దేశంలో అడుగు నేల లేదు. ఊరివాళ్ళు ఊరికే ఇస్తామన్నా ఒప్పుకోక, ఎఫ్రోను దగ్గర మక్పేలా గుహని 400 తులాల వెండి తూచి కొన్నాడు. వాగ్దాన దేశంలో ఆయన కొన్న మొదటి నేల ఒక సమాధికి. గుహ మీద హేరోదు కట్టించిన రాతి ప్రహరీ ఈనాటికీ చెక్కుచెదరలేదు. లోపల అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, యాకోబు, లేయా. మూడు జంటలు.

ఈ ఊరికి వెళ్ళినవాళ్ళు నేల మీది సంగతి చెప్పకుండా దాటవేయకూడదు. 1267 నుంచి 1967 దాకా, ఏడు వందల ఏళ్ళు, యూదుల్ని బయటి మెట్లలో ఏడో మెట్టు దాకానే రానిచ్చారు. 1929 అల్లర్లలో ఈ ఊళ్ళో 67 మంది యూదుల్ని చంపారు. 1994 ఫిబ్రవరిలో ఒక యూదుడు లోపల నమాజు చేస్తున్న 29 మంది ముస్లింలని కాల్చి చంపాడు. ఆ తర్వాత భవనాన్ని రెండుగా పంచారు. ఏడాదిలో పది రోజులు మొత్తం యూదులకి, పది రోజులు మొత్తం ముస్లింలకి. మిగతా రోజుల్లో ఎవరి సగం వాళ్ళది.

నేను రెండు వైపులా వెళ్ళగలిగాను. అబ్రాహాము గుర్తు సమాధి రెండు వైపుల నుంచీ ఊచల గుండా కనిపిస్తుంది. ఒక వైపు యూద తల్లి పిల్లాణ్ణి ఎత్తి చూపిస్తోంది. అవతలి వైపు నుంచి చూసినప్పుడు ముస్లిం తాత మనవణ్ణి భుజమ్మీద ఎక్కించుకుని ఉన్నాడు. ఇద్దరూ చూపిస్తున్నది ఒకే పచ్చని గుడ్డ కప్పిన సమాధిని. బయట మూతబడిన దుకాణాల వీధి. సైనికులు పిల్లలంత వయసువాళ్ళు. కడుపులో తిప్పినట్టయింది, త్వరగా బయటపడ్డాను.

జెరూసలేం వచ్చి 163 నంబరు బస్సెక్కి రాహేలు సమాధికి వెళ్ళాను. యాకోబుకి ప్రాణమైన భార్య. దారిలో రెండో కాన్పులో పోతే బేత్లెహేము బాటలోనే పాతిపెట్టాడు, అందుకే ఆవిడ హెబ్రోనులో భర్త పక్కన లేదు. తన పిల్లలు చెరపట్టబడి ఈ బాటనే వెళ్తుంటే రాహేలు ఏడ్చిందని యిర్మీయా ప్రవక్త మాట. అందుకే ఆవిడ యూదులందరికీ అమ్మ. పాత చిత్రాల్లో పొలాల మధ్య చిన్న గుమ్మటంలా కనిపించే చోటు ఇప్పుడు ఎత్తైన కాంక్రీటు గోడల మధ్య కోటలా ఉంది. లోపల ఆడవాళ్ళే ఎక్కువ. పిల్లలు లేనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు. సమాధి చుట్టూ ఏడుసార్లు తిప్పిన ఎర్రదారం మణికట్టుకి కట్టుకుంటారు. ఒకావిడ గొంతెత్తి ఏడుస్తోంది, ఎవరూ వారించలేదు. పక్కన కూర్చున్నామె ఒక ముక్క దారం తెంచి నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో ఎవరికో అది కావాలని నేను చెప్పకుండానే ఆవిడకి తెలిసినట్టు.

జూలై 20, శుక్రవారం: ఒలీవల కొండ, ఆ తర్వాత భోజనాల బల్ల

పొద్దున ఒలీవల కొండ. లక్షన్నర సమాధులుంటాయంటారు. చెట్టు లేదు, పువ్వు లేదు, తెల్లటి రాతి పలకలు ఎండలో మెరుస్తున్నాయి. వచ్చినవాళ్ళు పువ్వుకి బదులు చిన్న గులకరాయి పెట్టి వెళ్తారు. కాళ్ళు గుడి కొండ వైపు ఉండేలా పూడుస్తారు, చనిపోయినవాళ్ళు లేచే రోజున తిన్నగా అటే నడవాలని. 1948 నుంచి 1967 దాకా ఈ కొండ జోర్డాన్ చేతిలో ఉన్నప్పుడు చాలా సమాధుల్ని పాడుచేసి, రాళ్ళు పెకలించి బాటలకి వాడారు. విరిగిన పలకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

సాయంత్రం ఏడు అవుతుండగా ఊరంతా వినిపించేలా సైరన్ మోగింది. సబ్బాతు, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినం, వస్తోందని. బస్సులు, ట్రామ్ ఆగిపోయాయి. అమ్మమ్మ వీల్‌చైర్‌ని అక్క బల్ల దగ్గరికి తెచ్చింది. ఆవిడ రెండు కొవ్వొత్తులు వెలిగించి, వెలుగుని చేతులతో తన వైపు లాక్కున్నట్టు మూడుసార్లు తిప్పి కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. ఎంతసేపు! పేరు పేరునా చెబుతుందట, పోయినవాళ్ళవి కూడా. ఈ మధ్య ఆ జాబితాలో మా అమ్మ పేరు చేరిందని అక్క చెప్పింది.

అల్లుడు ద్రాక్షసారా గిన్నె పట్టుకుని మంత్రం చదివాడు. రొట్టె విరిచి ఉప్పులో అద్ది పంచాడు. ఉప్పెందుకంటే, గుడిలో ప్రతి నైవేద్యానికీ ఉప్పు చేర్చేవారు. గుడి ఉన్నప్పుడు బలిపీఠం మనిషి పాపం కడిగేది, ఇప్పుడు అతని భోజనాల బల్ల కడుగుతుందని తల్మూద్‌లో ఉందట. ఆరు రోజులుగా ఊళ్ళూ కొండలూ తిరిగాను. పీఠం ఇక్కడుంది, మామూలు ఫ్లాట్‌లో, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల. రోమన్లు కూల్చలేనిది ఇదొక్కటే. అందుకే వాళ్ళు మిగిలారని ఆ రాత్రి గట్టిగా అనిపించింది.

జూలై 21, శనివారం

మధ్యాహ్నం 'తబీత్', బియ్యం కూరిన కోడిని రాత్రంతా సన్న సెగ మీద ఉంచి చేసే బాగ్దాద్ యూదుల వంట. దుఃఖ దినాలైనా సబ్బాతుకి మాంసం, ద్రాక్షసారా ఉంటాయి, సబ్బాతు దుఃఖం కన్నా పెద్దది. పక్కన 'ఆంబా', పసుపు, మెంతులు వేసిన మామిడికాయ పచ్చడి. పేరులోనే ఉంది మన దేశం, బొంబాయిలో వ్యాపారాలు చేసిన బాగ్దాద్ యూదుల ద్వారా ఇంటికి చేరిన రుచి. నేను తెచ్చిన ఆవకాయ సీసా మాత్రం అక్క గదిలోనే ఉంది. యూదుల ఆహార నియమాలు పాటించే కోషర్ వంటింట్లోకి బయటి వంట రాకూడదు.

అమ్మమ్మ కథ ఆ పూట విన్నాను, అక్క మధ్యలో తెలుగు చెబుతుంటే. 1941లో, షావువోత్ పండగ రోజున, బాగ్దాద్‌లో యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగాయి. ఆవిడకి ఐదేళ్ళు. మేడ మీంచి పక్కింటి మేడ మీదికి దాటించారట, అది ముస్లింల ఇల్లు, వాళ్ళే దాచారు. 1951లో విమానంలో ఇక్కడికి వచ్చారు. కొన్నేళ్ళు గుడారాల్లో. జెరూసలేంలోనే ఉన్నా గోడని చూడలేదు, అది సరిహద్దుకి అవతల ఉండిపోయింది. ఏటా సీయోను కొండ మీద దావీదు సమాధి ఉన్న భవనం ఎక్కి, దూరం నుంచి గుడి కొండ వైపు చూసి దిగేవాళ్ళట. 1967 జూన్‌లో యుద్ధం ముగిసిన నాలుగు రోజులకి, మళ్ళీ షావువోత్ రోజునే, జనాన్ని మొదటిసారి గోడ దగ్గరికి రానిచ్చారు. ఆ ఒక్క రోజు రెండు లక్షల మంది నడిచారు. అందులో ఆవిడ ఒకరు.

"ఏం గుర్తుంది?" అన్నాను.

"దుమ్ము. కళ్ళల్లో, నోట్లో దుమ్ము. దుమ్ముకి ఏడుస్తున్నానో గోడకి ఏడుస్తున్నానో తెలియలేదు."

ఆ దుమ్ము ఎక్కడిదో నేను చదివాను. గోడ ముందు ఇప్పుడున్న మైదానంలో మొరాకో ముస్లింల వాడ ఉండేది. పండగకి జనం పట్టాలని నాలుగు రోజుల ముందు ఆ ఇళ్ళవాళ్ళకి కొద్ది గంటల గడువిచ్చి, వందకి పైగా ఇళ్ళు కూల్చారు. ఆ మాట అమ్మమ్మతో అనలేదు. అనకపోవడం సరైనదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇక్కడ రాయకుండా ఉండటం మాత్రం సరికాదు.

ఈసారి తొమ్మిదో తిథి శనివారం పడింది. సబ్బాతు రోజు ఏడవకూడదు కాబట్టి ఉపవాసం ఆదివారానికి జరిగింది. పొద్దు గుంకే దాకా పండగ భోజనం, గుంకగానే శోకం. చీకటి పడ్డాక తోలు చెప్పులు తీసి గుడ్డ చెప్పులు తొడిగారు. టాక్సీ పిలిచి అమ్మమ్మని గోడ దగ్గరికి తీసుకెళ్ళాం.

మైదానమంతా జనం, వేల మంది, నేల మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో చిన్న దీపాలు, ఫోన్ల వెలుగు. విలాపవాక్యాల పుస్తకం చదువుతున్నారు. తెలుగు బైబిల్లో దాని పేరు అది. హీబ్రూలో పేరు 'ఎఖా', అంటే "ఎలా?" ఆ మాటతోనే మొదలవుతుంది. జనంతో కిటకిటలాడిన ఊరు ఎలా ఒంటరిదైపోయింది అని. మన ఊళ్ళల్లో చావింట ఆడవాళ్ళు శోకాలు తీసేటప్పుడు వచ్చే జీర వాళ్ళ రాగంలో ఉంది. భాష తెలియకపోయినా నా గొంతు పట్టేసింది. పంతొమ్మిది వందల నలభై ఎనిమిదేళ్ళ కిందటి చావు, నిన్న మొన్నటిదిలా ఏడుస్తున్నారు.

అమ్మమ్మ నేల మీద కూర్చుంటానని పట్టుబట్టింది. మోకాళ్ళు వంగవు. చివరికి అక్క వీల్‌చైర్ ముందు నేల మీద కూర్చుని ఆవిడ పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఊరుకుంది.

జూలై 22, ఆదివారం

ఇవాళ ఎవరూ ఎవరికీ నమస్కారం చెప్పరు. తోరా చదవడం కూడా కూడదు, అది సంతోషం కాబట్టి. మందులు వాడుతున్నందున అమ్మమ్మని ఉపవాసం ఉండొద్దన్నారు. రొట్టె, నీళ్ళతో సరిపెట్టింది.

మధ్యాహ్నం దాటగానే అక్కని పిలిచి ఇల్లు ఊడ్చి తుడవమంది. మొదటి ఏడు అక్క ఆశ్చర్యపోయిందట, మైల రోజున ఇల్లు సర్దడమేమిటని. వాళ్ళు ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ పుట్టేది తిషా బె-ఆవ్ నాడేనని నమ్మకం. ఎక్కడో పుట్టి ఉంటాడు, ఇల్లు మురికిగా ఉంటే ఎలా? చీపురు నేను తీసుకున్నాను.

జూలై 23, సోమవారం

మనకి తొలి ఏకాదశి. అక్కా నేనూ ఉపవాసం ఉన్నాం. సాయంత్రానికని ఇంటి నుంచి తెచ్చిన పేలపిండి బెల్లంతో కలిపి పెట్టుకున్నాం.

టీవీలో గోడ కనిపించింది. పొద్దున్నే గోడ పైభాగం నుంచి ఒక రాయి ఊడి పడిందట, దాదాపు వంద కిలోలు. పడింది దక్షిణపు చివర, బుధవారం నేను కూర్చున్న ఆ వేదిక మీద. కెమెరాలో చిక్కిన ఆ క్షణాన్ని మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. ఇలాంటిది దశాబ్దాలుగా జరగలేదని గోడ బాధ్యత చూసే రబ్బీ చెబుతున్నాడు. గుడి కూలింది అని ఊరంతా ఏడ్చిన మర్నాడే. టీవీలో ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతున్నారు.

అమ్మమ్మ ఒకటే అడిగింది. "ఎవరికైనా తగిలిందా?"

ఒక పెద్దావిడ ఆ పక్కనే ప్రార్థన చేసుకుంటోందట. దెబ్బ తగల్లేదు.

"బరూఖ్ హషేమ్" అంది అమ్మమ్మ. దేవుడికి స్తోత్రం. తర్వాత బల్ల సొరుగు తెరిపించి, కాగితం ముక్క తీసుకుని, చెయ్యి వణుకుతుండగా ఏదో రాసి నాలుగు మడతలు పెట్టి నాకిచ్చింది. రేపు నా ప్రయాణం కదా, వెళ్ళే ముందు గోడలో పెట్టమంది.

సాయంత్రం వెళ్ళాను. దక్షిణపు వైపు దారి మూసేశారు. ఆడవాళ్ళ వైపు ఎప్పటిలాగే నిండుగా ఉంది. కింది వరుసలో, భుజం ఎత్తున ఒక సందు దొరికింది. లోపల అప్పటికే చాలా చీటీలున్నాయి. వాటిని కదపకుండా అమ్మమ్మ కాగితం వేలితో లోపలికి తోశాను. దాని పక్కనే నాది, తెలుగులో. రాయి మీద కాసేపు అరచెయ్యి ఆనించి, ఆ తర్వాత అందరిలాగే గోడకి వీపు చూపకుండా వెనక్కి నడిచాను. ఇంటికి చేరేసరికి అక్క రెండు గిన్నెల్లో పేలపిండి పెట్టి ఎదురుచూస్తోంది.